‘ఎస్సెస్ వేసేద్దాం’ అంటే సరిపోతుందా? పంపు లోహాన్ని తేల్చేది ద్రవమే

పైడిభీమవరంలో మందుల ఫ్యాక్టరీలు, పూసపాటిరేగ తీరంలో రొయ్య పిల్లల హేచరీలు, నౌపడలో ఉప్పు మడులు, గరివిడి చుట్టుపక్కల మాంగనీసు గనులు, సంకిలిలో చక్కెర మిల్లు, హిరమండలం జలాశయం నుంచి ఉద్దానం ఊళ్లకు వెళ్లే తాగునీటి పైపులు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఒక్క రోజు తిరిగితే చాలు, పంపు అనే ఒకే యంత్రం ఇన్ని రకాల ద్రవాలతో తంటాలు పడుతూ కనిపిస్తుంది. కొనే దగ్గర మాత్రం మాటలు దాదాపు ఒకేలా సాగుతాయి. మామూలు నీళ్లయితే సి.ఐ., అంటే పోత ఇనుము; కాస్త అనుమానం ఉంటే ఎస్సెస్, అంటే స్టెయిన్‌లెస్ స్టీలు; బాగా అనుమానం ఉంటే అందులోనే మేలు రకం ఎస్సెస్ 316. ఏడాది తిరక్కుండానే కేసింగుకి, అంటే పంపు బయటి గుల్లకి, తూట్లు పడ్డాక వచ్చే ప్రశ్న కూడా ఒకటే: "ఎస్సెస్సే కదండీ, దీనికీ తుప్పేటండీ?"

తుప్పే. కాకపోతే అది ఇనుముకు పట్టే తుప్పు కాదు, వేరే దారిలో వస్తుంది. ‘ఏ ద్రవం’ అని అడగడం సగం ప్రశ్న మాత్రమే. ఎంత గాఢత, ఎంత వేడి, అందులో ఉప్పెంత, ఇసుకెంత, పంపు ఆగినప్పుడు లోపల ఏం నిలిచి ఉంటుంది అన్నవి మిగతా సగం. చిక్కంతా ఆ రెండో సగంలోనే ఉంది.

ఒకే ప్రహరీలో మూడు పంపులు

నది నీటిని శుద్ధి చేసే ఏ ప్లాంటునైనా తీసుకోండి. వంశధార నీరో, నాగావళి నీరో లోపలికి తోడే పెద్ద పంపు ఒకటి ఉంటుంది. ఆ నీటి పీహెచ్ మామూలుగా 7కి అటూ ఇటూ ఉంటుంది, ఉప్పు తక్కువ. కేసింగు పోత ఇనుము, ఇంపెల్లర్ (లోపల తిరిగి నీటిని తోసే రెక్కల చక్రం) కంచు లేదా స్టెయిన్‌లెస్ స్టీలు అయితే చాలు, ఏళ్ల తరబడి నడుస్తుంది. వానాకాలంలో వచ్చే ఒండ్రు ఒక్కటే దానికి ఇబ్బంది.

పది అడుగుల అవతల పటిక ద్రావణాన్ని కలిపే చిన్న పంపు ఉంటుంది. బురదను అడుక్కి దింపడానికి పటిక వాడతారు. పది శాతం పటిక ద్రావణం పీహెచ్ 3 దగ్గర ఉంటుంది, అంటే అది పలచని ఆమ్లమే. అక్కడ పోత ఇనుము పెడితే కరిగిపోతుంది కాబట్టి ప్లాస్టిక్ పంపు పెడతారు. మూడోది క్లోరిన్ కోసం సోడియం హైపోక్లోరైట్, వాడుకలో హైపో, ఎక్కించే పంపు. హైపో ఆమ్లం కాదు, క్షారం. అయినా ఎస్సెస్ 316ని కూడా గుంటలు పొడుస్తుంది. పైగా ఇనుము, రాగి, నికెల్ లాంటి లోహాలు తగిలితే హైపో తానే విరిగిపోయి బలం కోల్పోతుంది. అందుకే అక్కడ పీవీసీ తల, పీటీఎఫ్‌ఈ (టెఫ్లాన్) డయాఫ్రం పెడతారు. లోహమే కావాలంటే టైటానియం దాకా వెళ్లాలి.

ఒకే నీరు, ఒకే ప్లాంటు. మూడు పంపులకీ మూడు వేర్వేరు పదార్థాలు.

పంపులో ద్రవం తగిలేది ఎక్కడెక్కడ

పంపు పదార్థం అనగానే కేసింగు గుర్తొస్తుంది. ద్రవం తగిలే భాగాలు ఇంకా చాలా ఉన్నాయి: ఇంపెల్లర్, దాని చుట్టూ ఉండే వేర్ రింగు, షాఫ్టు లేదా షాఫ్టు స్లీవు, షాఫ్టు దగ్గర ద్రవం కారకుండా ఆపే మెకానికల్ సీలు ముఖాలు, సీలు స్ప్రింగు, ఓ-రింగులు, గ్యాస్కెట్లు. లక్షల రూపాయల పంపు నూటయాభై రూపాయల ఓ-రింగు వల్ల కారిపోవడం ఫ్యాక్టరీల్లో వింతేమీ కాదు. కొటేషన్లలో మాత్రం కేసింగు లోహం పెద్దక్షరాల్లో ఉంటుంది, ఓ-రింగు పేరు చాలాసార్లు ఉండనే ఉండదు.

లోహం ఎంత వేగంగా అరిగిపోతుందో చెప్పడానికి ‘ఏడాదికి ఇన్ని మిల్లీమీటర్లు’ అనే కొలత వాడతారు. ఏడాదికి 0.1 మి.మీ. లోపైతే బాగుందని, 0.5 దాకా సర్దుకోవచ్చని సాధారణ లెక్క. ఒక ఉదాహరణ చూద్దాం. కేసింగులో అరుగుదల కోసం 3 మి.మీ. అదనపు మందం ఉంచారు, తుప్పు ఏడాదికి 0.5 మి.మీ. అయితే కేసింగు ఆరేళ్లు వస్తుంది. ఇంపెల్లర్ రెక్కకు ద్రవం రెండు పక్కలా తగులుతుంది. అదే 3 మి.మీ. అక్కడ మూడేళ్లలో అయిపోతుంది. అందుకే కేసింగు కన్నా ఒక మెట్టు మంచి లోహంతో ఇంపెల్లర్ చేయించడం పరిశ్రమలో పాత అలవాటు.

ఈ లెక్క లోహం అంతటా సమంగా అరిగేటప్పుడే పనికొస్తుంది. ఎస్సెస్ అలా సమంగా అరగదు, గొడవంతా అక్కడే మొదలవుతుంది.

స్టెయిన్‌లెస్‌కి రక్షణ ఎక్కడిది, ఎక్కడ పోతుంది

ఉక్కులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటే, గాలిలోని, నీటిలోని ఆక్సిజన్‌తో కలిసి పైన కంటికి కనిపించనంత పలచటి క్రోమియం ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. గీత పడినా అది మళ్లీ తనంతట తానే పూడుకుంటుంది. స్టెయిన్‌లెస్ గొప్పతనమంతా ఆ పొరదే. దానికి ప్రధాన శత్రువు క్లోరైడ్, అంటే మనం తినే ఉప్పులో సగభాగం. క్లోరైడ్ ఆ పొరను ఒక చోట గుచ్చుతుంది. ఆ చిన్న గుంట లోపల ఆమ్లం తయారై, గుంట లోతుకు తవ్వుకుంటూ పోతుంది. చుట్టుపక్కల లోహం మెరుస్తూనే ఉంటుంది, నడుమ సూది బెజ్జం. దీన్నే పిట్టింగ్ అంటారు. గ్యాస్కెట్ కింద, బోల్టు తల కింద, ఆక్సిజన్ అందని సందుల్లో ఇది ఇంకా ముందే మొదలవుతుంది.

ఎస్సెస్‌లో మామూలు రకమైన 304కీ, 316కీ తేడా ప్రధానంగా 2 నుంచి 3 శాతం మాలిబ్డినం. పిట్టింగును ఏ రకం ఎంత తట్టుకుంటుందో పోల్చడానికి ఇంజినీర్లు ‘ప్రెన్’ అనే సంఖ్య వాడతారు. క్రోమియం శాతానికి 3.3 రెట్ల మాలిబ్డినాన్నీ, 16 రెట్ల నైట్రోజన్‌నీ కలిపితే అది వస్తుంది. ఈ రెండింటికీ, వీటికన్నా మేలైన డూప్లెక్స్ రకాల స్టెయిన్‌లెస్‌కీ మామూలు కూర్పులతో లెక్క వేస్తే ఇలా ఉంటుంది:

304: 18.2 + 0 + (16 × 0.06) = సుమారు 19
316: 17 + (3.3 × 2.1) + (16 × 0.05) = సుమారు 25
డూప్లెక్స్ 2205: 22 + (3.3 × 3.1) + (16 × 0.17) = సుమారు 35
సూపర్ డూప్లెక్స్ 2507: 25 + (3.3 × 4) + (16 × 0.27) = సుమారు 43

సముద్రపు నీటికి ఈ సంఖ్య 40 దాటాలన్నది పరిశ్రమలో స్థిరపడిన మాట. ‘316 మెరైన్ గ్రేడు’ అన్న ప్రచారం ఎక్కడ పుట్టిందో గానీ, పడవ మీద రెయిలింగుకు, నిరంతరం సముద్రంలో మునిగి ఉండే పంపుకు మధ్య చాలా దూరం ఉంది. వానకు కడుక్కుపోయే రెయిలింగు మీద ఉప్పు నిలవదు. పంపు గ్యాస్కెట్ కింద నిలుస్తుంది.

మంచినీటికి వాడుకలో ఉన్న కొండగుర్తు వేరు: మామూలు ఉష్ణోగ్రతలో లీటరుకు 200 మిల్లీగ్రాముల క్లోరైడ్ దాకా 304, వెయ్యి దాకా 316. తాగునీటి ప్రమాణం ఐ.ఎస్. 10500 ప్రకారం క్లోరైడ్ 250 మిల్లీగ్రాములలోపు ఉండాలి, వేరే దారి లేనప్పుడు 1000 దాకా ఒప్పుకుంటారు. తీరానికి దగ్గర్లో ఒక బోరు నీటిలో వానాకాలం 180, నడి వేసవిలో 900 ఉందనుకోండి. వానాకాలం రిపోర్టు చూసి 304 కొన్నవాడు వేసవిలో దెబ్బతింటాడు. ఇద్దరు అమ్మకందారులు రెండు సలహాలు ఇస్తే, ఇద్దరూ నిజమే చెప్పి ఉండొచ్చు, వేర్వేరు నెలల రిపోర్టులు చూసి.

వేడి పెరిగితే కథ మారుతుంది. సుమారు 60 డిగ్రీలు దాటాక, క్లోరైడ్ ఉన్న చోట, లోహంలో లాగుడు ఒత్తిడి కూడా ఉంటే 304, 316 రెండూ పగుళ్లిస్తాయి. ఇది గుంట కాదు, వెంట్రుక లాంటి బీట. ముందస్తు హెచ్చరిక ఏమీ ఇవ్వదు.

సముద్రం, ఉప్పు మడి, హేచరీ: ఉప్పునీరే, మూడు తీర్పులు

సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు, అందులో 19 గ్రాముల దాకా క్లోరైడ్ ఉంటుంది. ఈ నీటిలో పోత ఇనుము ఒక విచిత్రమైన మోసం చేస్తుంది. అందులోని ఇనుము కరిగి పోయి, గ్రాఫైట్ జాలీ మాత్రం అదే ఆకారంలో మిగులుతుంది. పైకి కేసింగు నిక్షేపంగా కనిపిస్తుంది, చాకుతో గీస్తే మెత్తగా తెగుతుంది. ఇక్కడే ఇంకో మెలిక ఉంది. ఇనుప కేసింగులో కంచు ఇంపెల్లర్ పెడితే, రెండు లోహాల జత వల్ల తుప్పు ఇనుము వైపుకు మళ్లుతుంది, కంచు సురక్షితంగా ఉంటుంది. పెద్ద కేసింగు, చిన్న ఇంపెల్లర్ కాబట్టి నష్టం పలచగా పంచుకుని కొంతకాలం బాగానే నడుస్తుంది. కేసింగు లోపలి ముఖమంతా గ్రాఫైట్‌గా మారాక మాత్రం ఆ కాపలా పోతుంది, అప్పటిదాకా బాగున్న ఇంపెల్లర్ ఉన్నట్టుండి అరగడం మొదలుపెడుతుంది. ‘ఇన్నేళ్లు లేనిది ఇప్పుడేంటి’ అనే ఫిర్యాదుకు చాలాసార్లు అదే కారణం.

ఇప్పుడు నౌపడ మడుల వైపు రండి. ఎండకు నీరు ఆవిరై ఉప్పు గట్టిపడే ముందు ఉప్పునీరు దాదాపు 26 శాతం దాకా చిక్కబడుతుంది. సముద్రం కన్నా ఏడు రెట్లు ఉప్పు కాబట్టి ఇనుమును ఏడు రెట్లు తింటుందని అనుకుంటాం. జరిగేది తలకిందులు. ఇనుము తుప్పు పట్టాలంటే నీటిలో కరిగిన ఆక్సిజన్ కావాలి, ఉప్పు పెరిగే కొద్దీ ఆక్సిజన్ కరగడం తగ్గిపోతుంది. అందుకే ఇనుము తుప్పు వేగం ఉప్పు 3 శాతం దగ్గర పతాక స్థాయికి చేరి, ఆ తరవాత దిగుతూ పోతుంది. సరిగ్గా ఆ పతాకం దగ్గరే సముద్రం ఉంది. మడి చివర్లోని చిక్కటి ఉప్పునీటిని మామూలు ఇనుప పంపు ఊహించిన దానికన్నా బాగా తట్టుకుంటుంది. సీజను అయ్యాక పంపును అలాగే వదిలేస్తే, తడి ఆరిన ఉప్పు మీద గాలి తగిలి, అప్పుడు అసలు తుప్పు మొదలవుతుంది. ఎస్సెస్ సంగతి వేరు. దానికి క్లోరైడే శత్రువు కాబట్టి చిక్కబడినా ప్రమాదం తగ్గదు.

ఎస్సెస్‌కీ కంచుకీ ఇంకో తేడా ఉంది. ఉప్పునీరు కదులుతున్నంత సేపూ ఎస్సెస్ మెరుగ్గా ఉంటుంది, నిలిస్తే గుంటలు పడతాయి. కంచు, పోత ఇనుము నిలిచిన నీటిలో పర్వాలేదు, వేగం మరీ పెరిగితే పైపొర ఊడి అరుగుతాయి. అందుకే రెండు ఎస్సెస్ పంపుల్లో నిత్యం నడిచేది బాగుండి, అవసరానికి ఉంచిన స్టాండ్‌బై పంపు ముందు పాడవుతుంది. ఆపిన పంపును మంచినీటితో కడిగి ఉంచే చోట్ల ఈ బాధ చాలా తగ్గుతుంది.

ఇక హేచరీ. సముద్రపు నీటికి గన్‌మెటల్ (ఒక రకం కంచు) పంపు పాత, నమ్మకమైన పరిష్కారం. ఓడల్లో ఎన్నో ఏళ్లుగా అదే వాడుతున్నారు. హేచరీలో అదే పంపు పనికిరాదు. కంచు నుంచి కరిగే రాగి లోహానికి లెక్కలోకి రానంత స్వల్పం, కానీ రొయ్య లార్వాకు విషం. పంపు బతుకుతుంది, పిల్లలు చస్తాయి. అందుకే అక్కడ పాలీప్రొపిలీన్, ఫైబర్‌గ్లాస్ లేదా టైటానియం వైపు వెళ్తారు. చెరకు మిల్లులోనూ ఇలాంటిదే ఒకటుంది: రసం పీహెచ్ 5 చిల్లర, ఇనుప కేసింగు మెల్లగా మాత్రమే అరుగుతుంది, కానీ కరిగిన ఇనుము రసంలోని ఫినాల్ పదార్థాలతో కలిసి రంగును నల్లబరుస్తుంది. ద్రవం పంపును తినకపోతే చాలదు, పంపు ద్రవాన్ని పాడు చేయకూడదు.

రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్లలో చల్లదనానికి అమ్మోనియా వాడతారు. అక్కడ రాగి, ఇత్తడి, కంచు ఏవీ దరి చేరకూడదు. అమ్మోనియా రాగిని కరిగిస్తుంది, ఇత్తడిని పగలగొడుతుంది. సముద్రాన్ని గెలిచిన లోహం పక్క గదిలో ఓడిపోతుందన్నమాట.

యాసిడ్లు: పలచనైతే ప్రమాదం, చిక్కనైతే నెమ్మది

రసాయన ఫ్యాక్టరీల్లో అందరినీ గందరగోళపరిచేది సల్ఫ్యూరిక్ యాసిడ్. 98 శాతం యాసిడ్‌ను మామూలు ఉక్కు ట్యాంకుల్లో నిల్వ చేస్తారు, ఉక్కు ట్యాంకర్లలో రోడ్డు మీద తీసుకెళ్తారు. అదే యాసిడ్‌ను 20 శాతానికి పలచన చేస్తే ఆ ఉక్కును చూస్తుండగానే తినేస్తుంది. చిక్కటి యాసిడ్‌లో ఉక్కు మీద ఐరన్ సల్ఫేట్ పొర ఏర్పడుతుంది, అది ఆ యాసిడ్‌లో పెద్దగా కరగదు, కవచంలా నిలుస్తుంది. నీరు చేరితే కవచం కరిగిపోతుంది. ఖాళీ ట్యాంకును కాసిని నీళ్లతో కడగడం అందుకే ప్రమాదం: అడుగున మిగిలిన యాసిడ్ పలచనై ఉక్కును తింటుంది, హైడ్రోజన్ వాయువు పుడుతుంది, అది నిప్పురవ్వకు పేలుతుంది.

మరి ట్యాంకు ఉక్కు అయినప్పుడు పంపు ఉక్కు ఎందుకు కాకూడదు? ఇక్కడ ఒక చిన్న లెక్క. ఉక్కు పైపులో ఈ యాసిడ్‌ను సెకనుకు సుమారు 1 మీటరు వేగం దాటకుండా పంపుతారు, దాటితే సల్ఫేట్ పొర ఊడుతుంది. 200 మి.మీ. వ్యాసం ఉన్న ఇంపెల్లర్ నిమిషానికి 2900 చుట్లు తిరిగితే దాని అంచు వేగం 3.14 × 0.2 × 2900 ÷ 60, అంటే సెకనుకు 30 మీటర్లు. ట్యాంకుకు నిజమైనది ఇంపెల్లర్‌కు నిజం కాదు. అందుకే అక్కడ ‘అల్లాయ్ 20’ లాంటి, నికెల్‌తో పాటు రాగి కూడా కలిపిన లోహమో, ఫ్లోరోపాలిమర్ (టెఫ్లాన్ జాతి ప్లాస్టిక్) లైనింగ్ ఉన్న పంపో పెడతారు. కెమికల్ చార్టుల్లో ‘ఉక్కు: సరే’ అని రాసి ఉంటే అది చాలావరకు నిలకడగా ఉన్న ద్రవానికి, ఫలానా గాఢతకు, ఫలానా వేడికి మాత్రమే.

హైడ్రోక్లోరిక్ యాసిడ్ (హెచ్‌సీఎల్)ది ఇంకో రకం స్వభావం. దాని దగ్గర చిక్కన, పలచన అన్న తేడా ఎస్సెస్‌కు దక్కదు, 316 ఏ గాఢతలోనూ పనికిరాదనే అనుకోవచ్చు. నైట్రిక్ యాసిడ్ దీనికి పూర్తిగా ఎదురు. అది ఆక్సిజన్ ఇచ్చే ఆమ్లం కాబట్టి స్టెయిన్‌లెస్ మీది పొరను ఇంకా గట్టిపరుస్తుంది. చవకైన 304 అక్కడ హాయిగా ఉంటుంది, 316కు అదనంగా పెట్టిన డబ్బు వృథా. ఇటు హెచ్‌సీఎల్‌కు చక్కగా సరిపడే పాలీప్రొపిలీన్‌ను చిక్కటి నైట్రిక్ దెబ్బతీస్తుంది. ఒక యాసిడ్‌కు సరిపడిన పంపును ‘ఇదీ యాసిడ్ పంపే కదా’ అని రెండోదానికి మార్చడం వల్ల జరిగే నష్టం ఇదే.

కాస్టిక్ లై (సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం) గురించి క్లుప్తంగా: మామూలు వేడిలో ఇనుము, ఎస్సెస్ రెండూ తట్టుకుంటాయి, అల్యూమినియం, జింకు నిలవవు, పీవీడీఎఫ్ ప్లాస్టిక్ పగులుతుంది. వేడి, గాఢత రెండూ బాగా పెరిగితే నికెల్.

ప్లాస్టిక్, లైనింగ్, ఓ-రింగు

మందుల కంపెనీల్లో సాల్వెంట్లు ఎక్కువ: టోలుయీన్, మెథనాల్, అసిటోన్, ఇథైల్ అసిటేట్, మిథిలీన్ డైక్లోరైడ్. లోహానికి వీటిలో చాలావాటితో గొడవే లేదు. గొడవ రబ్బరుకు. విటాన్ అనే రబ్బరు టోలుయీన్‌ను బాగా తట్టుకుంటుంది, అసిటోన్‌లో ఉబ్బి పాడవుతుంది. ఈపీడీఎం అనే మరో రబ్బరు అసిటోన్‌లో బాగుంటుంది, టోలుయీన్‌లో ఉబ్బుతుంది. బ్యాచ్ మారి, ఒకే పంపుతో ఈ రోజు టోలుయీన్, వచ్చే వారం అసిటోన్ తోడితే ఏ రబ్బరు పెట్టినా ఒకదాని దగ్గర ఓడిపోతుంది. పీటీఎఫ్‌ఈ రెండింటినీ తట్టుకుంటుంది, కానీ దానికి రబ్బరులా తిరిగి సాగే గుణం తక్కువ, బిగింపు సరిగ్గా లేకపోతే కారుతుంది. లోపల రబ్బరు, పైన టెఫ్లాన్ తొడుగు ఉన్న ఓ-రింగులు అందుకే వచ్చాయి.

మిథిలీన్ డైక్లోరైడ్ మీద ఒక మాట. పొడిగా ఉన్నప్పుడు 316లో ఇబ్బంది లేదు. తేమ చేరి, వేడి తగిలితే అది మెల్లగా విడిపోయి హెచ్‌సీఎల్‌ను విడుదల చేస్తుంది. డ్రమ్ము మీద సాల్వెంట్ పేరే ఉంటుంది, పంపు లోపల మాత్రం యాసిడ్ ఉంటుంది.

‘ప్లాస్టిక్ అయితే తుప్పే ఉండదు కదా’ అనే వాదన యాసిడ్ వరకు నిజం. సాల్వెంట్లకు రెండు అభ్యంతరాలున్నాయి. టోలుయీన్ లాంటివి పాలీప్రొపిలీన్‌ను ఉబ్బిస్తాయి. అంతకన్నా పెద్దది స్టాటిక్ విద్యుత్తు: టోలుయీన్ దాదాపు 4 డిగ్రీల దగ్గరే మంటకు తగిన ఆవిరి ఇస్తుంది, విద్యుత్తును సరిగ్గా ప్రసరింపజేయదు. ప్లాస్టిక్ పంపులో, ప్లాస్టిక్ పైపులో వేగంగా పారితే ఛార్జి పోగవుతుంది, నేలలోకి పోయే దారి ఉండదు. లోహపు పంపుకు ఎర్తింగ్ ఇవ్వొచ్చు. ఇక్కడ లోహాన్ని ఎంచుకునేది తుప్పు లెక్కతో కాదు, మంట లెక్కతో.

లోపల ఫ్లోరోపాలిమర్ లైనింగ్, బయట ఇనుప కవచం ఉన్న పంపులు రెండు లోకాలనూ కలుపుతాయి. యాసిడ్‌ను లైనింగ్, ఒత్తిడిని ఇనుము భరిస్తాయి. వీటికీ లోట్లున్నాయి. ద్రవంలో ఇసుకో స్ఫటికాలో ఉంటే లైనింగ్ గీసుకుపోతుంది. హెచ్‌సీఎల్ ఆవిరి ఏళ్ల మీద లైనింగ్ గుండా ఊరి వెనక ఇనుమును తినొచ్చు. పిన్ను బెజ్జం ఉందేమోనని కొత్తలోనే స్పార్క్ టెస్టు చేస్తారు.

ఇసుక, మాంగనీసు: గట్టిదనమా, మెత్తదనమా

గరివిడి, చీపురుపల్లి ప్రాంతం మాంగనీసుకు పాత పేరు. ‘కోడురైట్’ అనే శిలకు ఆ పేరు ఇక్కడి కోడూరు నుంచే వచ్చింది. శ్రీకాకుళం తీరపు ఇసుకలో గార్నెట్, ఇల్మనైట్, సిల్లిమనైట్ ఉన్నాయి. ఖనిజాన్ని కడిగిన నీళ్లను తోడే పంపుకు తుప్పు కన్నా రాపిడే ముప్పు. మోహ్స్ కొలతలో గార్నెట్ గట్టిదనం 6.5 నుంచి 7.5, మామూలు ఇసుకది 7. ఎస్సెస్ 316 వాటి ముందు మెత్తనిది, అక్కడ పెట్టడం దండగ.

ఇక్కడ రెండు పాతకాలపు పక్షాలున్నాయి. ఒకటి 27 శాతం క్రోమియం ఉన్న గట్టి పోత ఇనుము: బ్రినెల్ కొలతలో 600 దాకా వెళ్తుంది, రాయిని రాయితో ఎదుర్కొన్నట్టు. రెండోది సహజ రబ్బరు: రేణువు తగిలి, గీయకుండా ఎగిరి పోతుంది. సన్నటి, గుండ్రటి ఇసుకకు రబ్బరు ఉక్కునే మించుతుంది. రాళ్లు పెద్దవై, అంచులు పదునుగా ఉంటే రబ్బరు కోసుకుపోతుంది, అప్పుడు క్రోమియం ఇనుముదే పైచేయి. ఇంపెల్లర్ అంచు వేగం సెకనుకు సుమారు 25 మీటర్లు దాటినా, నూనె కలిసినా రబ్బరు నిలవదు. నీళ్లు ఆమ్లమైతే క్రోమియం ఇనుము తడబడుతుంది.

పదార్థం మార్చే ముందు వేగం చూడాలనే వాళ్ల మాటలో బలం ఉంది. రాపిడి దాదాపు వేగపు ఘనంతో పెరుగుతుంది. 1450 చుట్ల పంపు బదులు అదే పని చేసే పెద్ద ఇంపెల్లర్ పంపును 970 చుట్లతో నడిపితే ఏమవుతుంది? ఇంపెల్లర్ పెద్దదైతే అంచు వేగం మళ్లీ దాదాపు అంతే అవుతుంది, ఎందుకంటే నీటిని ఎంత ఎత్తుకు తోయాలన్నది ఆ అంచు వేగమే తేలుస్తుంది. లాభం రావాలంటే తోయాల్సిన ఎత్తే తగ్గాలి, లేదా రెండు పంపులు వరసగా పెట్టి పంచుకోవాలి. అదే ఇంపెల్లర్ 970తో సరిపోయే చోట మాత్రం 970 ÷ 1450 = 0.67, దాని ఘనం 0.3. అరుగుదల మూడో వంతుకు దిగుతుంది. చాలాచోట్ల పంపు అవసరానికి మించిన ఎత్తుకు కొని, వాల్వు సగం మూసి నడుపుతుంటారు. అక్కడ ఈ లెక్క నేరుగా పనిచేస్తుంది.

లోహం తప్పు లేని చోట

ఇంపెల్లర్ మీద గుంటలు కనిపించగానే ‘యాసిడ్ తినేసింది’ అనేస్తాం. సక్షన్ వైపు, అంటే పంపు ద్రవాన్ని పీల్చుకునే వైపు, ఒత్తిడి చాలకపోతే ద్రవం అక్కడికక్కడే ఆవిరి బుడగలవుతుంది, అవి ముందుకు వెళ్లి కుప్పకూలి లోహాన్ని చెక్కేస్తాయి. అదే కేవిటేషన్. పంపులో గులకరాళ్లు దొర్లుతున్నట్టు చప్పుడొస్తుంది, గుంటలు రెక్క మొదట్లో గుంపుగా, స్పాంజిలా ఉంటాయి. తుప్పు గుంటలు ఎక్కడైనా రావొచ్చు, సందుల్లో ఎక్కువ. సక్షన్ పైపు సరిచేయకుండా ఖరీదైన లోహం వేస్తే అది ఇంకొన్ని నెలలు ఎక్కువ నిలుస్తుంది, అంతే.

చవకది తరచూ మార్చడమా, ఖరీదైనది ఒక్కసారి కొనడమా

రెండు వైపుల వాదనా సమంజసమే. ఊహించిన అంకెలతో చూద్దాం. ఉప్పునీటికి పోత ఇనుప పంపు 70,000 రూపాయలు, రెండేళ్లకొకటి. డూప్లెక్స్ పంపు 3,00,000, పదేళ్లు. పదేళ్లలో ఇనుప పంపులు ఐదు, మొత్తం 3,50,000. డూప్లెక్స్ చవక అనిపిస్తుంది. డబ్బుకు ఏడాదికి 10 శాతం వడ్డీ లెక్క కడితే, తరవాత ఖర్చు పెట్టే రూపాయి నేటి విలువ తగ్గుతుంది. ఇప్పుడు, రెండు, నాలుగు, ఆరు, ఎనిమిదేళ్లకు కొనే ఐదు పంపుల నేటి విలువ 70,000 × 3.54, అంటే సుమారు 2,48,000. ఇనుమే గెలిచింది.

పంపు మార్చిన ప్రతిసారీ పని ఆగి 25,000 నష్టమైతే? నాలుగు మార్పుల నేటి విలువ 25,000 × 2.54, సుమారు 63,500. మొత్తం 3,11,000 దాటింది. ఇప్పుడు డూప్లెక్స్. కాబట్టి సీజను లేనప్పుడు తీరిగ్గా పంపు మార్చుకునే ఉప్పు మడిలో ఇనుము కొనడం పిసినారితనం కాదు. నీరు ఆగితే ట్యాంకులో బ్యాచ్ మొత్తం పోయే హేచరీలో ఖరీదైనది కొనడం ఆడంబరమూ కాదు. తీర్పు లోహం ధరలో కన్నా ఆగుదల ధరలో ఉంది. ప్రమాదకరమైన ద్రవాల విషయంలో ఈ లెక్కకు తావే లేదు, అక్కడ కారడమే నష్టం.

కలగలుపు నీళ్లు, ఏ చార్టులోనూ లేని ద్రవం

చార్టులు ఒక్కో ద్రవానికి విడివిడిగా రాస్తాయి. మందుల ఫ్యాక్టరీ వ్యర్థజలం ట్యాంకులో మాత్రం ఉప్పు, మిగిలిన యాసిడ్, కాస్త సాల్వెంట్, తేలే మడ్డి అన్నీ కలిసి ఉంటాయి, బ్యాచ్‌ను బట్టి మారుతుంటాయి. అవి నీటిని ఆవిరి చేసే ఎవాపరేటర్‌లో మరిగితే క్లోరైడ్ చిక్కబడుతుంది, వేడి పెరుగుతుంది. 316కు పగుళ్లు తెచ్చే పరిస్థితులన్నీ ఒక్క చోట చేరతాయి. డూప్లెక్స్, టైటానియం పేర్లు వినిపించేది అక్కడే.

ఇలాంటి ద్రవానికి జవాబు పుస్తకంలో కన్నా ట్యాంకులో దొరుకుతుంది. అనుకున్న లోహాల చిన్న బిళ్లలను తూచి, ప్లాస్టిక్ వాషర్లతో కడ్డీకి బిగించి, నడుస్తున్న ట్యాంకులో నెల రోజులు వేలాడదీస్తారు. ఉదాహరణకు 20 చదరపు సెంటీమీటర్ల బిళ్ల 720 గంటల్లో 84 మిల్లీగ్రాములు తగ్గింది, లోహ సాంద్రత ఘన సెంటీమీటరుకు 7.9 గ్రాములు. అరుగుదల 87.6 × 84 ÷ (7.9 × 20 × 720) (87.6 అన్నది ఈ కొలతలను ఏడాదికి మి.మీ.లోకి మార్చే అంకె), అంటే ఏడాదికి సుమారు 0.065 మి.మీ. కాగితం మీద ఇది చాలా మంచి లోహం. ఆ తరవాత వాషర్ విప్పి, దాని కింద నీరు నిలిచిన చోటును భూతద్దంతో చూస్తారు. బిళ్ల మొత్తం మెరుస్తూ, వాషర్ అంచున మాత్రం నల్లటి చిన్న గాడి కనిపిస్తే, బరువు లెక్క చెప్పిన 0.065ను పక్కన పెట్టి ఆ గాడి లోతును కొలుస్తారు.